ష్మిట్ కథను అనంతపురంలో చదవడం

మేనేజ్‌మెంట్ పుస్తకాలను సాహిత్య విమర్శకులు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. అవి కూడా కథలే చెబుతాయి. వాటిలో పాత్రలుంటాయి, సంభాషణలుంటాయి, చివర్లో ఒక నీతి కూడా ఉంటుంది. నవల అబద్ధం చెబితే చదివినవాడికి ఒక పూట వృథా. ఈ పుస్తకాలు అబద్ధం చెబితే మాత్రం, ఎక్కడో మిషన్ ముందు కూర్చున్న మనిషికి నీళ్లు తాగడానికి లేచే తీరిక పోతుంది.

ఊరికే అంటున్న మాట కాదిది. హిందూపురం వైపు ఒక గార్మెంట్ యూనిట్లో నాలుగేళ్లు ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ విభాగంలో పనిచేశాను. పేరు పెద్దదే గానీ, పని మాత్రం స్టాప్‌వాచ్ పట్టుకుని కుట్టేవాళ్ల పక్కన నిలబడటం. ఎవరికి ఎన్ని సెకన్లు పడుతోందో రాసుకోవడం, ఆ సెకన్లతో గంటకు ఎన్ని పీసులు రావాలో తేల్చి లైను చివర బోర్డు మీద రాయించడం. ఆ రోజుల్లోనే, పై అధికారి ఒకాయన చదవమంటే ఫ్రెడరిక్ టేలర్ 1911లో రాసిన ‘ది ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైంటిఫిక్ మేనేజ్‌మెంట్’ చదివాను. అప్పుడు పాఠంలా చదివాను. ఉద్యోగం మానేశాక కథలా చదివాను. రెండోసారి చదివినప్పుడే అది అర్థమైంది.

ఆ పుస్తకంలో అందరికీ గుర్తుండిపోయేది ష్మిట్ కథ. అమెరికాలో బెత్లెహాం స్టీల్ కంపెనీలో ముడి ఇనుప దిమ్మెలు రైలు వ్యాగన్లలోకి మోసే కూలీలుండేవాళ్లు. దిమ్మె ఒక్కొక్కటి 92 పౌన్లు, అంటే సుమారు 42 కిలోలు. మనిషి రోజుకు సగటున పన్నెండున్నర టన్నులు మోసేవాడు. టేలర్ లెక్కలు కట్టి, నలభై ఏడున్నర టన్నులు మోయవచ్చని తేల్చాడు. ష్మిట్ అనే కూలీని ఎంచుకుని, ఎప్పుడు ఎత్తమంటే అప్పుడు ఎత్తి, ఎప్పుడు కూర్చోమంటే అప్పుడు కూర్చోవాలని చెప్పి, సాయంత్రానికి అన్ని టన్నులూ మోయించాడు. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. పని నాలుగింతలకు దగ్గరగా వచ్చింది, కూలి అరవై శాతం పెరిగింది. కథ సుఖాంతం.

దీన్ని విమర్శకుడి కళ్లతో చదివితే మొదట కనిపించేది సంభాషణ. ష్మిట్ మాట్లాడే ఇంగ్లీషును టేలర్ అతని యాసలోనే అచ్చువేశాడు, వంకర పలుకులతో సహా. తను మాట్లాడేది మాత్రం చక్కటి పుస్తకభాష. మన సీమ కథకులు కూడా యాసను వాడారు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ తర్వాత ఈ నేల మీద రాసిన సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి లాంటివాళ్ల కథల్లో మనిషి తన భాషలో మాట్లాడినప్పుడు అతని బుద్ధి మనకు తెలుస్తుంది. టేలర్ దగ్గర యాస చేసే పని దీనికి పూర్తిగా ఎదురు. ఇతనికి బుద్ధి తక్కువ, ఆలోచించే పని మాకు వదిలేయండి అని పాఠకుడికి సైగ చేయడానికే అది ఉంది. ఈ పని చేసేవాడు ఎద్దులాంటి మందబుద్ధి అయి ఉండాలని టేలర్ నేరుగానే రాశాడు.

అయితే అదే కథలో, కొన్ని పేజీల ముందు, టేలర్ ఇంకో మాట రాసి మర్చిపోయాడు. ఈ ష్మిట్ పని ముగిశాక మైలు దూరం చురుగ్గా నడిచి ఇంటికి వెళ్లేవాడట. కూలి డబ్బుతో చిన్న స్థలం కొనుక్కున్నాడట. పనికి రాకముందు పొద్దున, పని అయ్యాక సాయంత్రం, తన ఇంటి గోడలు తనే కట్టుకుంటున్నాడట. కూలి డబ్బులో మిగిల్చి స్థలం కొని, ఇల్లు లేపుతున్న మనిషి మందబుద్ధి ఎలా అవుతాడు? తన ఇంటి దగ్గర ఏ రాయి తర్వాత ఏ రాయి పెట్టాలో అతనికి ఎవరూ చెప్పడం లేదు కదా. రచయిత చూసినదానికీ, రచయిత నమ్మినదానికీ పొంతన కుదరని చోటు ఇది. మంచి కథకుడైతే ఇక్కడ ఆగేవాడు. టేలర్ ఆగలేదు.

ష్మిట్ అసలు పేరు హెన్రీ నోల్. 1974లో రెగె, పెరోని అనే ఇద్దరు పరిశోధకులు పాత కాగితాలన్నీ వెతికి, టేలర్ చెప్పిన కథలో చాలా భాగం కల్పితమని చూపించారు. అప్పటికే ఆ కథ అరవై ఏళ్లుగా పాఠ్యపుస్తకాల్లో తిరుగుతోంది. ఇప్పటికీ తిరుగుతోంది.

నా కథకు వస్తాను. చదివేవాళ్లకు తెలియకపోవచ్చు గనక గార్మెంట్ లైను లెక్క ముందు చెబుతాను. ఒక షర్టు కుట్టడానికి అన్ని పనులూ కలిపి 20 నిమిషాలు అనుకుందాం. లైన్లో 30 మంది. గంటకు 30 అరవైలు 1,800 నిమిషాలు. ఇరవైతో భాగిస్తే 90 షర్టులు. ఇది నూటికి నూరు శాతం. 54 వస్తే అరవై శాతం ఎఫిషియెన్సీ. మేనేజర్ గది నుంచి చూస్తే ప్రపంచం మొత్తం ఈ శాతంలోనే ఉంటుంది. లైన్లో అన్నిటికన్నా నిదానంగా జరిగే పని ఏదో, మొత్తం లైను వేగం అదే. షర్టుకు ఎక్కువగా కాలర్ అతికించే దగ్గర ఈ చిక్కు పడుతుంది.

మా లైన్లో కాలర్ దగ్గర కూర్చునే ఆమె పెనుకొండ పక్క పల్లె నుంచి బస్సులో వచ్చేది. నాకన్నా పదేళ్లు పెద్ద. గంటకు 60 కాలర్లు ఆమె టార్గెట్. మధ్యాహ్నం దాటితే యాభైకి పడిపోయేది. నేను వాచ్ పట్టుకుని రెండు రోజులు పక్కన నిలబడ్డాను. మూడో రోజు ఆమే అడిగింది.

“ఏం రాసుకుంటాండావు సార్?”

“టైమ్ చూస్తున్నానక్కా. ఎక్కడ లేటవుతోందో.”

“ఆ గడియారం నా చెయ్యిని సూస్తాది సార్. మూట ఎట్ల వచ్చిండాదో సూడదు. కాలర్లన్నీ బోర్లా పడి వస్తాండాయి. ఒగోటీ తిప్పుకోవల్ల. ఆ పక్కామె ఎల్లకిలా పేర్చి పంపిస్తే నాకు తిప్పే పని తప్పుతాది.”

చూశాను. నిజమే. ఒక్కో కాలర్ తిప్పడానికి మూడు సెకన్లు. ముందు బల్ల దగ్గర పేర్చే తీరు మార్పించాను. ఆ మూడు సెకన్లు మిగిలాయి. 60 సెకన్ల పని 57 సెకన్లయింది. రిపోర్టు రాశాను. అందులో ‘సూచించినవారు’ అనే గడిలో నా పేరు రాసుకున్నాను. అప్పుడు తప్పనిపించలేదు. ఆ గడిలో ఆపరేటర్ పేరు ఉండటం నేనెప్పుడూ చూడలేదు కూడా.

వారం తర్వాత ఆమె టార్గెట్ గంటకు 63 అయింది. లెక్క ప్రకారం సరైనదే: 3,600 సెకన్లను 57తో భాగిస్తే 63. జీతం మారలేదు. రోజుకు మరో 24 కాలర్లు. బోర్డు మీద కొత్త అంకె చూసి ఆమె నాతో గట్టిగా ఏమీ అనలేదు. భోజనం దగ్గర నన్ను దాటిపోతూ, “సెప్పిందీ నేనే, మోసేదీ నేనే. ఇంగ మీదట ఏమన్నా తెలిసినా సెప్పను సార్” అంది.

ఉత్పాదకత గురించి నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఇంత స్పష్టమైన వాక్యం నాకు దొరకలేదు. విచిత్రమేమిటంటే, టేలర్‌కు కూడా ఈ సంగతి తెలుసు. కూలీలు కావాలని నిదానంగా పనిచేస్తారనీ, దానికి కారణం సోమరితనం ఒక్కటే కాదనీ, ఎక్కువ చేసి చూపిస్తే యజమాని రేటు కోస్తాడని వాళ్లకు అనుభవం మీద తెలుసనీ అతనే రాశాడు. రోగం సరిగ్గానే పట్టుకున్నాడు. మందు మాత్రం ఇంకోటి రాశాడు: పనివాళ్ల తలల్లో ఉన్న తెలివినంతా మేనేజర్లు సేకరించి, నియమాలుగా మార్చి, తిరిగి వాళ్లకే ఆజ్ఞగా ఇవ్వాలి. నేను కాలర్ దగ్గర చేసింది అక్షరాలా అదే. ఆమె నుంచి తీసుకుని, ఆమె నెత్తిన పెట్టాను.

టేలర్ మోటు మనిషి, తర్వాత వచ్చినవాళ్లు మారారు అంటారు కొందరు. షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా జరిగిన ప్రయోగాలను ఉదాహరణగా చూపిస్తారు. మనిషిని పట్టించుకుంటే, మర్యాదగా చూస్తే, పని దానంతటదే పెరుగుతుందని ఆ కథ నీతి. మన దగ్గర ఆఫీసు గోడల మీద కనిపించే ‘మనమంతా ఒక కుటుంబం’ మాటకు మూలం ఎక్కడో అక్కడుంది. అయితే అక్కడ విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి గమనించిన ఐదుగురు అమ్మాయిల్లో ఇద్దరిని, కబుర్లు ఎక్కువయ్యాయని, సహకరించడం లేదని, 1928 జనవరిలో తీసేసి వేరేవాళ్లను పెట్టారు. ఈ సంగతి శిక్షణ తరగతుల్లో చెప్పరు. ఎదురు మాట్లాడినవాళ్లను పంపేశాక మిగిలిన కుటుంబం సంతోషంగా ఉందని చెప్పడం ఏ పాటి నిజం?

ఇవన్నీ అమెరికా కథలు, మనకెందుకు అనుకోవచ్చు. మనిషి ఎంత పని చేయాలి, దానికి ఎంత తిండి సరిపోతుంది అని లెక్క కట్టడం ఈ కరువు నేలకు టేలర్ కన్నా ముందే తెలుసు. ధాత కరువు నాడు, అంటే 1876-78లో, అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగం. 1882లో గానీ వేరే జిల్లా కాలేదు. కరువు పనులకు వచ్చిన కూలీలకు ఎంత ఇస్తే ఖజానాకు నష్టం తగ్గుతుందో చూడటానికి వైస్రాయి లిట్టన్ తరఫున రిచర్డ్ టెంపుల్ వచ్చాడు. రోజంతా పనిచేసిన మగమనిషికి సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా అని తేల్చాడు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంకా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్, ఆ తిండితో మనిషి పని చేయడం అటుంచి బతకడమే కష్టమని వాదించాడు. 1877 మే నెలలో ఆ కొలత మార్చారు. కార్నిష్ దగ్గర కూడా లెక్కలే ఉన్నాయి. తేడా ఏమిటంటే, ఆయన లెక్క పనిచేసే ఒంటి నుంచి మొదలైంది, టెంపుల్ లెక్క ఖజానా నుంచి మొదలైంది.

ఆ తర్వాత నూట ముప్పై ఏళ్లకు, 2006 ఫిబ్రవరి 2న, ఉపాధి హామీ పథకం దేశంలో మొదట మొదలైంది ఇక్కడే, నార్పల మండలం బండ్లపల్లిలో. అందులో కూడా కూలి కొలతను బట్టే. తవ్విన గుంత ఎన్ని ఘనపు మీటర్లో చూసి డబ్బు. కానీ ఇక్కడ ఒక సంగతి నాకు నచ్చేది. ఎండాకాలం నేల రాయిలా గట్టిపడుతుంది గనక, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వేసవి భత్యం అని కొంత శాతం కలిపి, తక్కువ తవ్వినా కూలి పడేలా చూశారు. అంటే కొలత నేల మాట విన్నది. ఏప్రిల్లో మా ఊరి ఎర్రనేల మీద గడ్డపార వేసి చూసినవాడెవడో ఆ నియమం వెనక ఉండాలి. గార్మెంట్ యూనిట్లో నా నాలుగేళ్లలో, రేకుల షెడ్డు కింద మే నెల మధ్యాహ్నానికి ఒక టార్గెట్, డిసెంబరు ఉదయానికి ఇంకో టార్గెట్ ఉండటం నేను చూడలేదు.

అదే ఉపాధి పనిలో 2023 జనవరి 1 నుంచి పనిచోట మొబైల్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి హాజరు వేయడం తప్పనిసరి చేశారు. దొంగ హాజర్లు ఆపాలన్న ఉద్దేశం అర్థం కానిది కాదు. ఆ దొంగతనం జరిగిందీ నిజమే. కానీ ఫొటోకు మనిషి కనిపిస్తాడు, తవ్విన మట్టి కనిపించదు. గుట్ట పక్కన సిగ్నల్ లేకపోతే చేసిన పని కూడా చేయనట్టే. గడియారం చెయ్యిని చూస్తుంది, మూటను చూడదు. కాలర్ దగ్గర ఆమె చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది.

మరి కొలత లేకుండా పని ఎలా? ఈ ప్రశ్నకు నా దగ్గర ఉన్న పాత జవాబు మునుం. శెనక్కాయ చేన్లో కలుపు తీసేటప్పుడు మా అమ్మావాళ్లు వరసగా మునుం పట్టేవాళ్లు. ఒక్కొక్కరికి ఇన్ని సాళ్లు. అందరూ ఒకేసారి ముందుకు సాగాలి. ఒకరు వెనకబడితే పక్కామె చెయ్యి చాపి ఆ సాలు కూడా కొంత లాగేసేది. ఆ వెనకబడినామెకు నెల తప్పిందనో, రాత్రి బిడ్డకు జ్వరమనో పక్కామెకు తెలుసు. గార్మెంట్ లైన్ కూడా ఒక రకం మునుమే. కానీ అక్కడ పక్కామె చెయ్యి చాపితే తన పీసులు తగ్గుతాయి.

మునుం స్వర్గమని అనను. గట్టు మీద గొడుగు పట్టుకుని రైతు నిలబడేవాడు. ఆడవాళ్లకు మగవాళ్లకన్నా కూలి తక్కువ. ఎవరికి నీళ్లు చెంబుతో ఇవ్వాలో, ఎవరికి దోసిట్లో పోయాలో కులం చెప్పేది. మేనేజ్‌మెంట్‌లో ‘మన సంప్రదాయం’ అంటూ మాట్లాడేవాళ్లు ఈ సంగతులు దాచిపెడతారు. నేను మునుం నుంచి తీసుకునేది ఒక్కటే: వేగం ఎంతో తేల్చేటప్పుడు పనిచేసేవాళ్లకు ఆ వరసలోనే కొంత మాట ఉండేది. జపాన్లో టయోటా ఫ్యాక్టరీల్లో లోపం కనబడితే ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపమని సైగ చేయవచ్చు. ఆ ఏర్పాటుకు ప్రపంచమంతా మెచ్చుకోలు. అందులోని అసలు గుట్టు తాడు కాదు. లాగినవాణ్ణి తిట్టకపోవడం.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 2017లో ఒప్పందం కుదిరి, 2019 ఆగస్టుకల్లా పెనుకొండ మండలం ఎర్రమంచిలో తయారైన కియా కారు మార్కెట్లోకి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. వాన కోసం ఆకాశం చూసే ఊళ్ల పిల్లలు షిఫ్టు బస్సు కోసం రోడ్డు చూడటం మొదలుపెట్టారు. నెల జీతం విలువ వానను నమ్ముకున్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీ రావడం మంచిదే అని నేను నమ్ముతాను. 2025 జూన్లో మన రాష్ట్ర మంత్రివర్గం, ఫ్యాక్టరీల్లో రోజువారీ పనిగంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచాలని నిర్ణయించింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంచింది. పెట్టుబడి రావాలంటే, ఉత్పత్తి పెరగాలంటే ఇది అవసరమన్నారు. అంతకు ముందే పెద్ద కంపెనీల పెద్దలు వారానికి 70 గంటలు పనిచేయాలని ఒకరు, 90 కావాలని ఒకరు మాట్లాడి ఉన్నారు.

ఈ వాదనలో చరిత్ర తలకిందులైంది. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ రోజుకూలిని ఐదు డాలర్లు చేసినప్పుడు, పనిగంటలను తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. జాలితో చేసింది కాదు. అంతకు ముందు ఏడాది అతని ఫ్యాక్టరీలో మనుషులు నిలవక, 14 వేలమంది పనివాళ్లను ఉంచుకోవడానికి 52 వేలమందిని చేర్చుకోవలసి వచ్చింది. చేరినవాడు పని నేర్చుకునేలోపే వెళ్లిపోతే నష్టమెంతో ఫోర్డ్‌కు తెలిసొచ్చింది. మా యూనిట్లో కూడా నెలనెలా మనుషులు మానేసేవాళ్లు. కొత్తగా వచ్చినామె చెయ్యి కుదురుకోవడానికి నెలలు పట్టేది. ఆ నష్టం మా ఎఫిషియెన్సీ శాతంలో కనిపించేది గానీ, దాని కారణం ఏ గడిలోనూ కనిపించేది కాదు. పదో గంటలో కుట్టిన కాలర్ విప్పి మళ్లీ కుట్టే పనిని కూడా ఎవరో ఒకరు లెక్క కట్టాలి.

చివరగా మన కథల గురించి. సీమ కథ కరువును చూసినంత దగ్గరగా తెలుగులో చాలా తక్కువ కథలు దేన్నైనా చూశాయి. ఎండిన బోరు, అప్పు, వలస, పశువులను అమ్ముకోవడం, ఇవన్నీ మనకు ఆ కథల వల్ల కళ్లకు కట్టాయి. సింగరేణి గనుల్లోని పని మీద నవలలు వచ్చాయి. కానీ ఇక్కడ రేకుల షెడ్ల కింద, కన్వేయర్ల పక్కన, టార్గెట్ బోర్డుల ముందు గడుస్తున్న జీవితం మీద నేను చదివిన కథలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మన కథ ఇంకా చేను గట్టు మీదే నిలబడి ఉంది. ఆ చేలోని మనుషులు షిఫ్టు బస్సెక్కి వెళ్లిపోయారు. మనం రాయకపోతే ఆ బస్సులోని వాళ్ల గురించి రాసేది స్టాప్‌వాచ్ పట్టుకున్నవాళ్లే. టేలర్ రాసినట్టు, నేను రిపోర్టు రాసినట్టు.

ఆ రిపోర్టు నకలు నా దగ్గర ఇంకా ఉంది. మూడు సెకన్లు, 57, 63, కింద నా సంతకం. ఈ వ్యాసంలోనైనా ఆమె పేరు రాద్దామనుకున్నాను. కానీ ఆమెను అడగలేదు. అడగకుండా తీసుకోవడం ఒకసారి చేశాను, అది చాలు.